వియ్యపురాళ్ళకు రెండు మైకులు

మా ఆయనకు పాటలు రికార్డు చేసే పిచ్చి పట్టినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు చేపల తొట్టి పిచ్చి పట్టింది, కొన్నాళ్ళకు అదే పోయింది. దానికి ముందు మేడ మీద పుట్టగొడుగులు పెంచుతానని గడ్డి సంచులు మోసుకొచ్చాడు, ఆ గడ్డి చివరికి పక్కింటి బర్రె తిన్నది. ఇదీ అలాగే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేసే పని ఆయనది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి మంచం మీద వాలాడంటే ఇక ఫోనే. అందులో ఎవరో ఒకాయన చిన్న డబ్బాను అటు తిప్పి ఇటు తిప్పి గంటసేపు మాట్లాడుతుంటాడు. అన్నానికి పిలిస్తే పలకడు.

ఆ డబ్బా పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. మైకు వైరు ఒక పక్క, లాప్‌టాప్ వైరు ఇంకో పక్క గుచ్చితే, మధ్యలో అది కూర్చుని గొంతును శుభ్రంగా లోపలికి పంపిస్తుందట. ఫోన్లో రికార్డు చేస్తే రాదా అని అడిగాను. వస్తుంది కానీ బిందెలో తల పెట్టి పాడినట్టు వస్తుందన్నాడు. ఆ మాట నిజమే. ఆయన ఫోన్లో చేసిన వాటిలో చిట్కుల్‌లో మా ఇంటి ముందు నుంచి పోయే లారీలన్నీ వినిపిస్తాయి, పాట తప్ప.

నేనూ ఫ్యాక్టరీ మనిషినే. ప్యాకింగులో చెకింగ్ నా పని. పొద్దంతా బెల్టు పక్కన నిలబడి, లేబుల్ వంకర పోయిన పెట్టెను, మూత సరిగా పడని సీసాను పక్కకు తీసేయాలి. తప్పులు పట్టడానికే నాకు జీతం. ఇంటికొచ్చాక ఆ గుణం ఎక్కడికి పోతుంది? చెప్పుల జత కొన్నా సరే, మా ఇంట్లోకి ఏ వస్తువైనా నా చెకింగ్ దాటుకునే రావాలి. మా ఆయనకు ఇది తెలుసు కాబట్టి, డబ్బా కొంటానని అనలేదు. "జెర నువ్వే చూసి చెప్పు" అన్నాడు. పొగిడితే నేను మెత్తబడతానని కూడా ఆయనకు తెలుసు.

ఇంతకీ ఏం రికార్డు చేస్తావంటే, వియ్యపురాళ్ళ పాటలన్నాడు. మా వైపు పెళ్ళి భోజనాల దగ్గర పిల్ల తల్లి, పిల్లగాడి తల్లి ఒకరి మీద ఒకరు పాటలు కట్టుకుంటారు. ఒకరు ఒక చరణం అంటిస్తే, రెండోవాళ్ళు అక్కడికక్కడే ఇంకో చరణం కట్టి తిప్పికొట్టాలి. జవాబు రానివాళ్ళు ఓడినట్టే లెక్క. మా అత్తమ్మ గొంతుకు చిట్కుల్‌లో పేరుంది. మా అమ్మ గొంతుకు మా పుట్టింటి ఊరు లక్డారంలో పేరుంది. నా పెళ్ళిలో వాళ్ళిద్దరూ అందుకుంటే, వడ్డించేవాళ్ళు సాంబారు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. పెళ్ళికూతురు నవ్వకూడదని పెద్దలు చెప్పడం వల్ల తల వంచుకుని పెదవి కొరుక్కోవడంతోనే నా పెళ్ళి అయిపోయింది.

చిక్కేమిటంటే, ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

రెండేళ్ళ కిందట మా మరిది పెళ్ళిలో మొదలైంది ఇదంతా. కొత్త వియ్యపురాలికి పాటలు రావు. అందుకని అందరూ కలిసి పాత వియ్యపురాలైన మా అమ్మనే ముందుకు తోశారు. డీజేవాళ్ళ దగ్గర ఉన్నది ఒకటే మైకు. అత్తమ్మ దాన్ని పట్టుకుని, పందిరంతా వినేలా ఎత్తుకుంది:

"బిడ్డనిస్తివి వదినా, బిందెలిస్తివి వదినా,
పప్పు మాడకుండ వండుడు నేర్పవైతివి వదినా."

జనమంతా గొల్లున నవ్వారు. ఆ పప్పు సంగతి నాదే. కొత్త కోడలిగా వచ్చిన వారంలో స్టవ్ మీద పెట్టి మరిచిపోయాను. ఆ రోజు అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా పైపైన పప్పు అందరికీ వడ్డించి, మాడిన అడుగు మాత్రం తను గీక్కుని తిన్నది. ఆ ముచ్చట నేనే అమ్మకు ఫోన్ చేసి చెప్పి నవ్వాను. సరే, పందిట్లో అమ్మ గొంతు సవరించుకుంది, మైకు కోసం చెయ్యి చాపింది. మైకు రాలేదు. డీజే డబ్బాలు దడదడలాడాయి, పిల్లలు గెంతడం మొదలుపెట్టారు, అమ్మ చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. అంతమందిలో తనకు జవాబు లేకుండా చేసిందని అమ్మ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. పాటకు అలిగేటోళ్ళను ఎవరేం చేస్తారని అత్తమ్మ కూడా బిగుసుకుంది.

మధ్యలో నలిగింది నేను. పండుగ పూట పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ. నా కూతురికి జ్వరమొస్తే అమ్మ ఇస్నాపూర్ చౌరస్తా దాకా వచ్చి, ఆటో దిగకుండానే కషాయం సీసా నా చేతిలో పెట్టి వెనక్కి పోయింది. ఆ రోజు నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా అమ్మ మా ఇంట్లో కూర్చుని ఒక్క పూట అన్నం తినాలి. నాకు కావలసింది అదొక్కటే. ఏ డబ్బాతోనూ నాకు పని లేదు.

మా ఆయన మాత్రం దీనికి కూడా ఉపాయం ఉందన్నాడు. ఇద్దరూ కలవకపోతే ఏమైంది, ఒకరిని ఇక్కడ, ఇంకొకరిని లక్డారంలో వేరువేరుగా రికార్డు చేసి, కంప్యూటర్లో అతికిస్తానన్నాడు. వినేవాళ్ళకు పక్కపక్కన కూర్చుని పాడినట్టే ఉంటుందట. ఈ లెక్కన మాకు కావలసిన డబ్బా ఏమిటో తేలిపోయింది. ఒక్క మైకు పడితే చాలు. బండి మీద సంచిలో పట్టాలి. కరెంటు కోసం వేరే ప్లగ్గు వెతుక్కోకుండా లాప్‌టాప్ నుంచే తీసుకోవాలి. అంటే అన్నిటికంటే చవకది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్తది వద్దు, వాడింది చాలన్నాను. తెల్లాపూర్‌లో ఒకబ్బాయి రెండు డబ్బాలు అమ్మకానికి పెట్టాడని మా ఆయన ఫోన్లో పట్టుకున్నాడు. ఆకాశాన్ని అంటే అపార్టుమెంటు. గేటు దగ్గర వాచ్‌మన్ మా ఫోటోలు తీసుకుని, ఫోన్ చేసి అడిగి, అప్పుడు లోపలికి వదిలాడు. ఆ అబ్బాయి కంప్యూటర్ ఉద్యోగి, కోస్తా వైపు మాట. గిటారు కొన్నాడు, డబ్బాలు కొన్నాడు, వాయించడానికి తీరిక మాత్రం దొరకలేదన్నాడు. బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. చిన్నదానికి ఒక మైకు బొక్క, ఒక గిటారు బొక్క. పెద్దదానికి రెండు మైకు బొక్కలు.

ఇక నా చెకింగ్ మొదలైంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. గుండీలు అటూ ఇటూ తిప్పి గరగర వస్తుందేమో విన్నాను. వైరు గుచ్చి కదిపి చూశాను, కొన్నిటికి అక్కడే వదులైపోతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు ముందు చెయ్యి ఆడిస్తే నా గాజుల చప్పుడు నాకే కొత్తగా వినిపించింది. మా ఆయన గిటారు బొక్క ఎందుకు పనికొస్తుందో వివరిస్తుంటే, మనకు గిటారు లేదు కదా అని ఆపాను. ఆ అబ్బాయి నావైపు చూసి, "రెండు మైకులదే తీసుకోండి మేడమ్. అందరూ ముందు ఒకటే చాలనుకుంటారు, తర్వాత బాధపడతారు" అన్నాడు. ఇది అమ్ముకునేవాళ్ళ మాటేలే అనుకున్నాను. మా ఇంట్లో ఇద్దరు కలిసి పాడేది లేదని చెప్పి చిన్నదే తీసుకున్నాం. మైకు, స్టాండు, హెడ్‌ఫోన్ కూడా అక్కడే తీసుకుని, బేరంలో ఒక వైరు అదనంగా గుంజాను.

బియ్యం బస్తాల గది స్టూడియో అయ్యింది. గోడలకు గొంతు తగిలి తిరిగి రాకుండా దండెం మీద బొంతలన్నీ వేలాడదీశాం. వెనక గదుల్లో కిరాయికి ఉండే ఒడిశా పిల్లలను బతిమాలి బోరు మోటారు ఆపించాం. అత్తమ్మ వచ్చి కూర్చుంది. మైకు స్టాండుకు ఉండేసరికి చేతులు ఏం చేయాలో ఆమెకు తోచలేదు. ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, చివరికి నా చేతిలో చెయ్యి పెట్టి పాడింది. ముందే అనుకున్న చరణాలు వరుసగా పాడేసింది. వాటిలో ఒకటి ఇది:

"లక్డారం వదినమ్మ లడ్డూలు దెచ్చె,
సుత్తె లేక పగలక సూస్త కూసుంటిమి."

ఆ మరుసటి ఆదివారం బండి మీద లక్డారం. సంచిలో తువ్వాలు చుట్టిన డబ్బా, నా ఒళ్ళో మైకు స్టాండు. హైవే మీద లారీవాళ్ళందరూ మమ్మల్ని చూసి నవ్వుకునే పోయారు. అమ్మ పాడాల్సిన చరణాలు కూడా ముందే అనుకున్నవే. తాళం కలవాలి కదా అని మా ఆయన హెడ్‌ఫోన్లో అత్తమ్మ గొంతు వినిపించాడు. అదే మేం చేసిన పొరపాటు. లడ్డూల దగ్గరికి వచ్చేసరికి అమ్మ మొహం మారింది. హెడ్‌ఫోన్ తీసింది. గట్లన్నదా అని అడిగింది. మళ్ళీ పెట్టుకుంది. అనుకున్న చరణం పక్కన పడేసి, అప్పటికప్పుడు కట్టింది:

"లడ్డు పగలకుంటె తప్పు లడ్డుదా వదినా,
పండ్లూడిన సంగతేమొ పాటల జెప్పు వదినా."

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నాకేమో రెండేళ్ళ తర్వాత అమ్మ నోట వదినా అన్న పిలుపు విని కడుపు నిండిపోయింది, అది తిట్టడానికే అయినా సరే.

ఇంటికొచ్చి అత్తమ్మకు వినిపించాం. ఊడిన పన్ను దగ్గర నాలుక పెట్టి చూసుకుంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగగానే మైకు పెట్టమంది, దానికి జవాబు చెప్పాలట. అది పట్టుకుని మళ్ళీ లక్డారం. అమ్మ విని దానికి ఇంకో జవాబు. వియ్యపురాళ్ళ పాట అంటేనే జవాబుకు జవాబు కదా, వేరువేరుగా పాడించి అతికించొచ్చని మేమిద్దరం ఎట్లా అనుకున్నామో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆదివారాలన్నీ ఇలాగే పోయాయి. ఇది పాట కాదు, కోర్టు కేసు, వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయని మా ఆయన గొణిగాడు. పెట్రోలు ఆయనదే పోతోంది మరి. నేను మాత్రం ఒక సంగతి కనిపెట్టాను. ఇద్దరూ నన్ను పాట గురించి అడగడం మానేశారు. ఆమె విని ఏమన్నది, నవ్విందా అని అడుగుతున్నారు.

ఒకరోజు కరివేపాకు దూస్తూ కూర్చున్న అత్తమ్మ డబ్బాను చేతిలోకి తీసుకుంది.

"దీనికి ఒకటే మైకు వడ్తదా?"

అవునన్నాను.

"మరి ఈ రెండో బొక్క?"

అది గిటారుకు అన్నాను.

"మనింట్ల గిటార్ ఎవలు వాయిస్తరే? ఆమె మైకు పెట్టేటందుకు బొక్క లేదు గని, గిటారుకు ఉన్నది." డబ్బా కింద పెట్టి మళ్ళీ కరివేపాకు అందుకుంది. "ఒక్క మాటకు ఆదివారం దాంక ఎదురుచూసుడు నాతోని కాదు. ఆమెనే ఈడికి రమ్మను."

 వస్తుందా, ఆ రోజు మైకు ఇవ్వలేదని కదా అలిగింది అన్నాను మెల్లగా. అత్తమ్మ దూసిన రెబ్బను పక్కన పడేసింది.

"నేను ఇయ్యబోయిన. డీజే పిలగాడు నా చేతిలకెళ్ళి గుంజుకున్నడు."

ఈ ముక్క రెండేళ్ళ కిందే చెప్పొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు అన్నది అత్తమ్మ, అదేదో న్యాయమైన మాటలాగే. ఆ రోజు నేను ఆకు దూయకుండా లేచి వెళ్ళి మా అమ్మకు ఫోన్ చేశాను.  అంతా విని అమ్మ ఒక షరతు పెట్టింది.

"వస్త. కని నా మైకు నాకే ఉండాలె. ఒకళ్ళ చేతిలది ఇంకొకళ్ళకు ఇచ్చుడు వద్దు."

ఇక మాకు రెండు మైకుల డబ్బా కావాలి, అదీ అమ్మ మనసు మారకముందే. కొత్తది కొనే స్తోమత లేదు. మా ఆయన తెల్లాపూర్ అబ్బాయికి ఫోన్ చేస్తే, పెద్దది ఇంకా ఉంది కానీ ఆ సాయంత్రమే ఎవరో వచ్చి తీసుకుంటామన్నారని చెప్పాడు. నేను డ్యూటీ మధ్యలో కడుపునొప్పి అని చెప్పి బయటపడ్డాను. మళ్ళీ అదే గేటు, అదే వాచ్‌మన్, మళ్ళీ ఫోటోలు. ఈసారి నేను దేన్నీ ఊపి చూడలేదు. చిన్నది తీసుకుని పెద్దది ఇమ్మని, తేడా ఎంతో అంత ఇస్తామని అడిగాను. ఆ అబ్బాయి ఇబ్బందిగా నవ్వి, వచ్చేవాళ్ళకు మాట ఇచ్చానన్నాడు. నేను ఫోన్ తీసి ఆ అబ్బాయి చెవి దగ్గర పెట్టాను. లడ్డూ చరణం, దానికి పన్ను జవాబు. వరుసగా విన్నాడు. వీళ్ళిద్దరూ మాట్లాడుకుని రెండేళ్ళయింది, రెండో మైకు ఉంటే ఒక దగ్గర కూర్చుంటారు అని చెప్పాను. 

ఆ అబ్బాయి పెద్ద డబ్బా తుడిచి నా చేతిలో పెట్టాడు. "వాళ్ళకు నేను చెప్పుకుంటాను లెండి. మా ఇంట్లో కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారండీ, కాకపోతే వాళ్ళకు పాటలు రావు" అన్నాడు.

రెండో మైకు మా చిన్నమామ భజన సామాను లోంచి తెచ్చాం. ఆదివారం పొద్దున అమ్మ వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది, తనే కొత్త కోడలైనట్టు. చేతిలో లడ్డూల డబ్బా ఉంది. అది నాకు ఇస్తూ, అత్తమ్మకు వినబడేంత గట్టిగా, మెత్తగనే ఉన్నయి అన్నది. అత్తమ్మ ఎటో చూస్తూ పెదవి బిగించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసిపోయింది.

బొంతల మధ్య ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. ఎవరి మైకు వాళ్ళ ముందు, ఎవరి హెడ్‌ఫోన్ వాళ్ళ చెవులకు. నేను మూలన బియ్యం బస్తా మీద కూర్చున్నాను. గొంతు ఎంత పెద్దదో చూసి డబ్బా గుండీలు సరిచేయాలి, ఏదైనా మాట్లాడండి అన్నాడు మా ఆయన.  ఆయన గుండీ మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అప్పుడు అత్తమ్మ మైకు వైపు వంగి, మైకునే అడుగుతున్నట్టు అడిగింది.

"వదినా, తిన్నవా?"

అమ్మ హెడ్‌ఫోన్‌ను చేత్తో పట్టుకుంది. ఆ మాట చెవి లోపలే పలికినట్టు వినబడి ఉంటుంది ఆమెకు.

"తినలే. ఈడనే తింట."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన నావైపు చూడకుండా గుండీలు తిప్పుతూ కూర్చున్నాడు, అవి ఎప్పుడో సరిపోయినా కూడా.

సరే ఇక పాడండి అన్నాడు. లడ్డూలతో మొదలుపెడుతుందని అందరం అనుకున్నాం. అత్తమ్మ అమ్మ మొహంలోకి సూటిగా చూసి, రెండేళ్ళ కింద పందిట్లో పాడిందే ఎత్తుకుంది. బిడ్డనిస్తివి వదినా, బిందెలిస్తివి వదినా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పప్పు చరణం పూర్తి చేసి అత్తమ్మ ఆగింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. అమ్మ తన మైకు దగ్గరికి జరిగింది. ఈ రెండేళ్ళూ ఆ జవాబు ఆమె గొంతులోనే ఉంది, ఒక్క అక్షరం తడుముకోలేదు:

"మాడెనని పాట గట్టి మందిని నవ్విస్తివి వదినా,
అడుగు గీకి తిన్నదెవరొ అందరికి జెప్పు వదినా."

అత్తమ్మ చప్పున నావైపు తిరిగింది. ఆ రహస్యం అమ్మదాకా మోసింది నేనేనని తెలిసిపోయింది. నేను బస్తా వెనక్కి దాక్కుందామనుకున్నాను. మామూలుగా ఇక్కడ పాట ఆగిపోవాలి, ఇంత గట్టి జవాబుకు మళ్ళీ జవాబు ఉండదు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది, నవ్వుకో మరి దేనికో. తాళం తప్పకుండా అందుకుంది:

"నేనే తిన్న వదినా, గిన్నె సుత నాదే వదినా,
గిన్నె గావాల్నా తీస్కపో, బిడ్డనైతె ఇయ్య వదినా."

 అమ్మ మైకు ముందే ముక్కు చీదింది, అది కూడా రికార్డయింది. మా ఆయన దాన్ని కోసేస్తానంటే నేను చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, స్టవ్ మీద పప్పు పెట్టి వచ్చానని. కదిలేలోపే బొంతలు దాటుకుని వాసన వచ్చేసింది. ఇద్దరూ ఒకేసారి హెడ్‌ఫోన్లు తీసి నావైపు చూశారు. నేను లేచి ఉరికేసరికి గిన్నె అడుగు నల్లగా పట్టేసింది.

మధ్యాహ్నం అందరం కింద కూర్చుని తిన్నాం. పైపైన పప్పు నేనూ, మా ఆయనా, పాపా తిన్నాం. అత్తమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, గరిటెతో అడుగు గీకి, సగం తన పళ్ళెంలో, సగం అమ్మ పళ్ళెంలో వేసింది. అమ్మ తిన్నది.